పూచీ రాయి

“ఇతనికి పూచీ ఎవరు?” అని తగువులు తీర్చే పెద్దాయన అడిగేసరికి నగర ద్వారం దగ్గర అంతవరకూ గోలగోలగా ఉన్న జనం నోళ్లు కట్టేసుకున్నారు. ఉల్లిపాయలు అమ్మేవాళ్లు, గాడిదల వాళ్లు, తగువు తీర్చుకుందామని వచ్చి తమ తగువే మరిచిపోయిన అన్నదమ్ములు, అందరూ ఎవరి కాలి వేళ్లు వాళ్లు చూసుకుంటున్నారు. మధ్యలో ఆ కుర్రాడు నిలబడి ఉన్నాడు. గొర్రెల ఉన్ని కత్తిరించే కత్తెర ఇంకా నడుముకే వేలాడుతోంది. పనిలోంచి లేచి తిన్నగా వచ్చి నాలుగు మాటలు అరిచేశాడు. ఆ నాలుగు మాటలూ ఇప్పుడు అతని ప్రాణం మీదికి వచ్చాయి.

అతను అన్నది పెద్ద విషయమేమీ కాదు, ఊరందరికీ తెలిసిందే. కలిగినవాళ్లు రాత్రికి రాత్రి హద్దు రాళ్లు జరిపి, దిక్కులేని ఆడవాళ్ల పొలాలు తమ పొలాల్లో కలిపేసుకున్నారు. “దేవుడు చూశాడు. ఆ రాళ్లు ఎక్కడివి అక్కడ పెట్టండి. పెడితే మన గోడ నిలుస్తుంది. పెట్టకపోతే తొలివాన పడేలోగా ఉత్తరపు గోడ కూలుతుంది” అన్నాడు. తెలిసిన సంగతిని పైకి అనడమే ఎప్పుడూ తప్పవుతుంది కదా.

పెద్దాయన కోప్పడలేదు. కోపం రాని పెద్దమనుషులకే ఎక్కువ భయపడాలి.

“బాబూ, షరతు పెట్టి చెబితే అది దేవుడి మాట అవుతుందా?” అన్నాడు గడ్డం నిమురుకుంటూ. “గోడ పడితే చెప్పానుగా అంటావు. పడకపోతే రాళ్లు వెనక్కి పెట్టారు కాబట్టి అంటావు. ఎటు తిరిగినా నీదే గెలుపు. మన రివాజు నీకు తెలియంది కాదు. ప్రవక్తనని వచ్చినవాడు ఒకటే ఆనవాలు చెప్పాలి. అది జరిగితే ప్రవక్త, జరగకపోతే అబద్ధాలకోరు. ఆ షరతు తీసేసి చెప్పు.”

కుర్రాడు తల వంచుకున్నాడు. పెదవులు కదిలాయి గానీ ఎవరితో మాట్లాడాడో తెలియలేదు. చివరికి తల ఎత్తి, “తొలివాన పడేలోగా ఉత్తరపు గోడ కూలుతుంది” అన్నాడు.

అప్పుడే పెద్దాయన పూచీ మాట ఎత్తాడు. ఆ నగరంలో ఎవరైనా సరే దేవుడి పేర లేచి మాట్లాడవచ్చు, కాదనేవాళ్లు లేరు. కాకపోతే ఆ మనిషికి అయినవాళ్లలో ఒకరు పూచీ పడాలి. ఎవరూ పడకపోతే అప్పటికప్పుడే రాళ్లతో కొట్టి చంపుతారు. పడితే, చెప్పిన గడువు దాకా అతని జోలికి ఎవరూ పోరు. గడువు దాటి ఆనవాలు జరగకపోతే మొదటి రాయి వేయాల్సింది ఆ పూచీ పడ్డవాళ్లే. ఈ రివాజు పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఇంట్లోవాళ్ల గుండెలు ఎలా ఉంటాయో బాగా తెలిసినవాడే.

“నేను పడతాను” అంది నీలక్క.

ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. రంగుల వీధిలో ఉన్నికి నీలిమందు అద్దే పని ఆమెది. మోచేతుల దాకా నీలం ఎక్కి, ఎంత తోమినా పోక, పేరే అలా స్థిరపడిపోయింది. జనాన్ని తోసుకుంటూ ఆమె ముందుకు వచ్చింది. వచ్చాక గానీ ఏం అన్నదో ఆమెకే తెలిసిరాలేదు.

“ఆలోచించుకునే అంటున్నావా అమ్మా?”

“వాడు నా తమ్ముడు. ఇందులో ఆలోచించేదేముంది?”

పెద్దాయన ద్వారం పక్కనున్న రాళ్ల కుప్ప చూపించాడు. “నీ చేతికి సరిపడేది ఒకటి ఏరుకో. గడువు దాకా అది నీ ఇంట్లో, గడప లోపలే ఉండాలి. మరీ చిన్నది తీసుకోకు, వాడికే బాధ ఎక్కువ” అన్నాడు. కూరగాయలు ఏరుకోమన్నంత మామూలుగా అన్నాడు ఆ మాట. నీలక్క వంగి ఒక రాయి తీసుకుంది. ఎండకి కాలి ఉంది అది.

ఇంటికి వచ్చి రాయిని తలుపు వెనక పెట్టేసరికి ఆమె భర్త ఉన్ని పిండుతున్న చేతులతోనే లోపలికి వచ్చాడు. ఎంత ఆపద ముంచుకొచ్చినా నోటి దురుసు మానని మనిషి. రాయిని చూశాడు, పెళ్లాన్ని చూశాడు. “ఇన్నాళ్లూ ఈ ఇంట్లో నువ్వొక్కదానివే రాయివనుకున్నా. నీకూ తోడు దొరికింది” అన్నాడు. అని నవ్వబోయాడు, నవ్వు రాలేదు. పక్కకి తిరిగి ముక్కు చీదుకున్నాడు.

తమ్ముడు మూలన కూర్చుని రొట్టె తింటున్నాడు. రెండేళ్ల పిల్లవాడిగా ఉన్నప్పుడు తల్లి పోతే నీలక్కే చంకనేసుకుని పెంచింది. పెళ్లయి వస్తూ వెంట తెచ్చుకుంది. పిల్లలు లేని ఆ ఇంట్లో వాడే బిడ్డ.

“ఒరేయ్, పోయి చెప్పిరా. పొరపాటున అన్నానను. ఎండదెబ్బ తగిలిందను. బావ కూడా వస్తాడు.”

“అనలేనక్కా.”

“ఎందుకనలేవు? నోరు లేదా?”

“నా నోరు కాదది. నేను వద్దంటూనే ఉన్నాను. ఉన్ని కత్తిరిస్తుంటే వినిపిస్తుంది, నీళ్లు తాగుతుంటే వినిపిస్తుంది. చెప్పకపోతే ఎముకల్లో నిప్పు పోసినట్టు ఉంటుంది.” రొట్టె కింద పెట్టేశాడు. “నాకేం ధైర్యం ఉందనుకుంటున్నావా? చూడు” అని చేతులు చాపాడు. చేతులు గజగజ వణుకుతున్నాయి.

“మరి ఆ షరతు ఎందుకు వదిలేశావురా? రాళ్లు పెడితే నిలుస్తుందని అన్నావుగా ముందు?”

“షరతు ఉంటే అది దేవుడి మాటే కాదన్నారు కదా. అసలు మాట వాళ్ల చెవిన పడింది, నాకది చాలు. భయపడి రాళ్లు వెనక్కి పెడితే గోడ నిలుస్తుంది. ఊరు బతుకుతుంది.”

“నువ్వు?”

తమ్ముడు కింద పెట్టిన రొట్టె మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. ఆ లెక్క అర్థం కావడానికి నీలక్కకి పెద్దగా చదువేం అక్కర్లేదు. ఊరు బాగుపడితే వీడు చస్తాడు. ఊరు బాగుపడకపోతే గోడ కూలుతుంది, వీడు బతుకుతాడు. ఆమె ఆ పూటంతా పొయ్యి ముందు కూర్చుంది గానీ పొయ్యి వెలిగించడం మరిచిపోయింది.

ఆ తర్వాత రోజులన్నీ ఆమె ఆకాశాన్నే చూస్తూ గడిపింది. వేసవి చివర ఎండ నిప్పులు చెరుగుతోంది, మబ్బు జాడ లేదు. పక్కవాళ్లు ఉక్కపోతని తిట్టుకుంటుంటే ఆమె మాత్రం ఆ ఎండకి లోలోపల దణ్ణం పెట్టుకునేది. తర్వాత గోడ వైపు చూసేది. వాళ్ల రంగుల కొట్టం వెనక గోడ ఉత్తరపు గోడే. రాతి పునాది మీద పచ్చి ఇటుకలతో కట్టి, మట్టి మెత్తి, తాతల నాటి నుంచీ అలా నిలబడి ఉంది. పైన కాపలావాళ్లు అటూ ఇటూ తిరుగుతూ ఉత్తరం వైపు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేవాళ్లు. అవతలి రాజు సైన్యం నది దాటిందని దూరం నుంచి వచ్చిన వర్తకులు చెప్పారు. అందరికీ గోడ కూలుతుందేమోనని భయం. నీలక్కకి అది కూలదేమోనని భయం. ఇలాంటి భయం ఎవరికి చెప్పుకుంటుంది?

ముందుగా రాళ్లు వెనక్కి వెళ్లింది పక్కింటి ముసలమ్మ పొలంలో. ఆవిడ పరుగు పరుగున వచ్చి నీలక్క చేతులు పట్టుకుంది.

“నా పొలం నాకొచ్చేసిందే! ఆ పెద్దింటివాడే గాడిద మీద రాళ్లు వేసుకొచ్చి పాతాడు. వాడి ముఖం చూడాలి, నెత్తురు చుక్క లేదు. మీ తమ్ముడు నూరేళ్లు చల్లగా ఉండాలి!”

ఆ దీవెనకి నీలక్కకి ఒళ్లు మండిపోయింది. నూరేళ్లు ఎలా ఉంటాడే, నీ పొలం నీకొస్తే? ఆ మాట గొంతు దాకా వచ్చింది. గుటక మింగి, “సంతోషం అత్తా” అంది. ముసలమ్మ కన్నీళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. తలుపు వెనక రాయి అలాగే ఉంది. తలుపు వేసినా తీసినా కనపడుతూనే ఉంది.

మర్నాడు ఇంకో పొలం. ఆ మర్నాడు లోయలో ఇద్దరు వితంతువుల ద్రాక్షతోట. భయం ఊరంతా పాకిపోయింది. బజారులో తక్కువ తూచేవాడు కూడా ఒక ఉల్లిపాయ ఎక్కువ వేస్తున్నాడు. మనుషులు మంచివాళ్లయిపోతున్నారు. నీలక్కకి అన్నం ముద్ద దిగడం లేదు.

రంగుల వీధికి ఒక కట్టుబాటు ఉంది. తొట్లు ఖాళీ చేసిన నీళ్లన్నీ గోడ వెంబడి పోయే కాలవలోనే పడాలి. ఆ కాలవకి అడుగున బండలు పరిచి, సందుల్లో తారు పూసి ఉంటుంది. పచ్చి ఇటుకకి నీళ్లే శత్రువు కాబట్టి చుక్క కూడా గోడ వైపు పోకూడదు. ఎవరి కొట్టం వెనక బండలు వాళ్లే బాగుచేసుకోవాలి. కోడలిగా వచ్చిన మొదటి వారమే అత్తగారు ఆమెకి నేర్పిన పని అది. “పిల్లకి పాలు పట్టడం మరిచినా ఫర్వాలేదు గానీ ఈ బండలు చూడటం మరవకు” అనేది ఆవిడ.

ఒక మధ్యాహ్నం, వీధంతా ఎండకి తలుపులు బిగించుకున్న వేళ, నీలక్క కొట్టం వెనక్కి వెళ్లింది. తలుపు వెనక రాయి చేతిలో ఉంది. తారు ఎండి పెళుసెక్కింది. రాయితో నాలుగు దెబ్బలు వేస్తే గోడ పక్క బండ కదిలింది. గునపం పెట్టి ఎత్తి, దాని వెనక మట్టిని పునాది కిందికంటా తవ్వింది. తర్వాత నీలం తొట్టి బిరడా తీసింది. నీళ్లు కాలవలో పడి, నాలుగు బారలు పోయి, ఆ గొయ్యి దగ్గర మెల్లగా లోపలికి తిరిగాయి. గోడ తాగుతుంటే ఆమె చూస్తూ నిలబడింది. తర్వాత చేతిలోని రాయిని మళ్లీ తలుపు వెనకే పెట్టేసింది.

రోజూ అదే పని. రంగు బాగా ఎక్కలేదనే నెపంతో తొట్లు ఖాళీ చేసి మళ్లీ నింపింది. బావి నుంచి మోసి మోసి భుజాలు పడిపోయాయి.

భర్త ఒకనాడు కాలవ కొస దాకా వెళ్లి వచ్చాడు. ఆమె ముందు కూర్చుని తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

“ఇన్ని నీళ్లు వదులుతున్నావు. కొసన చుక్క రావట్లేదే?”

“ఎండ కదా. ఆవిరైపోతున్నాయేమో.”

“అవునవును. మన కాలవకి దాహం ఎక్కువ” అన్నాడు. కానీ ఆమె మొహంలోకి చూసిన చూపులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు, భయం ఉంది. ఆ రోజు నుంచి అతను కొట్టం వెనక్కి వెళ్లడమే మానేశాడు.

ఇలా ఉండగా పెద్దాయన కూడా రాళ్లు వెనక్కి పెట్టించాడన్న కబురు వచ్చింది. ఊళ్లోకెల్లా ఎక్కువ పొలాలు మింగినవాడు ఆయనే. ఎంత కాదన్నా ఆయనకీ పిల్లలున్నారు, ఆయన ఇల్లూ ఉత్తరపు గోడకి దగ్గరే. పనివాళ్లని పెట్టి, తనే దగ్గర నిలబడి, ఒక్కొక్క హద్దు రాయీ పాత గుంటలో పెట్టించాడట. తమ్ముడు ఆ వార్త విని పరుగెత్తుకుంటూ వచ్చాడు. అతని మొహం చిన్నప్పుడు తేనెపట్టు దొరికిన రోజు ఎలా వెలిగిందో అలా వెలిగిపోతోంది.

“అక్కా, అయిపోయింది! అందరూ పెట్టేశారు. ఇక గోడ పడదు.”

“పడకపోతే ఏమవుతుందో తెలుసా నీకు?”

“తెలుసు.” వెలుగు కొంచెం తగ్గింది. ఆమె పక్కన చతికిలబడి, చిన్నప్పటిలా తల ఆమె భుజానికి ఆనించాడు. “భయంగా ఉందక్కా. చాలా భయంగా ఉంది. గట్టిగా వెయ్యి, సరేనా? మెల్లగా వేస్తే మిగతావాళ్లు ఎక్కువసేపు వెయ్యాల్సి వస్తుంది.”

నీలక్క వాడి నోరు మూసింది. మూసిన చేతి మీద వాడి కన్నీళ్లు పడ్డాయి. ఇంకేం, ఆ క్షణంలో ఆమెకి దేవుడూ అక్కర్లేకపోయాడు, ఊరూ అక్కర్లేకపోయింది. గోడే కదా, పడితే మళ్లీ కట్టుకుంటారు. వీణ్ణి మళ్లీ ఎవరు కంటారు?

మర్నాడు పొద్దున పడమట మబ్బు కనిపించింది. గొర్రెపిల్లంత ఉంది మొదట. చూస్తుండగానే మందంత అయింది. వీధిలో పిల్లలు కేకలు వేశారు. ద్వారం దగ్గరి నుంచి పెద్దాయన మనిషి వచ్చి, తలుపు బయటే నిలబడి చెప్పాడు. “చినుకు పడగానే రమ్మన్నారమ్మా. రాయి తెచ్చుకోమన్నారు.” అతను చెడ్డవాడేమీ కాదు. చెబుతూ నేల చూపులు చూశాడు.

నీలక్క కొట్టంలోకి వెళ్లింది. ఇప్పుడైనా ఆ బండ తిరిగి పెట్టేయవచ్చు. మట్టి కూరి, తారు పూస్తే గోడ ఇంకా నిలబడవచ్చు. అది ఆమెకి తెలుసు. తెలిసే ఆ ఇంట్లో ఉన్న తొట్లన్నిటి బిరడాలూ లాగేసింది. నీలం, ఎరుపు, పసుపు, అన్నీ కలిసి మురికి నీళ్లయి గోడ కిందికి పోయాయి. ఆమె గోడకి చెవి ఆనించింది. లోపల ఎక్కడో మట్టి జారుతున్న చప్పుడు.

ఒక్కసారి మీద పడితే తనూ పోతుందని తెలిసి వెనక్కి పరుగెత్తింది. వీధిలోకి వచ్చి, “గోడ దగ్గర ఎవరూ ఉండకండి! బయటికి రండి! పైనున్నవాళ్లు దిగిపోండి!” అని గొంతు చించుకుంది. ముసలమ్మని రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చింది. కాపలావాళ్లు ఏమిటేమిటంటూ మెట్లు దిగి వచ్చారు. కాసేపటికి గోడ మధ్యలో బీట నిలువునా పాకింది. తర్వాత పెద్ద శబ్దం కూడా కాలేదు. అలసిపోయిన మనిషి కూలబడినట్టు గోడ కూర్చుండిపోయింది. రంగుల కొట్టాలు సగం దాని కిందికి పోయాయి. కాపలావాళ్ల గాడిద ఒకటి పోయింది. దుమ్ము అణిగాక, ఆ వీధిలో పుట్టినవాళ్లెవరూ ఎప్పుడూ చూడని ఉత్తరపు దారి, దాని మీది కొండలు, అన్నీ ఇంటి గుమ్మంలోంచే కనిపించాయి. మనుషులు బిక్కచచ్చిపోయి అలా చూస్తూ ఉండిపోయారు.

వాన ఇంకా పడలేదు.

తమ్ముడు బతికాడు! నీలక్క మోకాళ్ల మీద కూలబడింది. నవ్వో ఏడుపో తెలియనిదేదో గొంతులోంచి వచ్చింది. తల ఎత్తేసరికి తమ్ముడు మట్టి కుప్ప ముందు నిలబడి ఉన్నాడు. జనం అతనికి దూరంగా జరిగి, తలలు వంచుతున్నారు. నిన్నటిదాకా పిచ్చివాడన్నవాళ్లే “ప్రవక్త, ప్రవక్త” అంటున్నారు. అతనికి అదేం వినపడటం లేదు. తల్లి చచ్చిపోయిన రోజు అతని మొహం ఎలా ఉందో మళ్లీ ఇప్పుడలా ఉంది.

“వెనక్కి పెట్టారు కదక్కా” అన్నాడు. “అందరూ పెట్టేశారు కదా. పెడితే నిలుస్తుందనే నేను విన్నాను. నా చెవులతో విన్నాను. మరి ఎందుకు కూలింది?” ఆమె భుజాలు పట్టుకుని కుదిపాడు. “నేను విన్నది ఎవరి గొంతు? చెప్పు. ఇన్నాళ్లూ ఎవరు మాట్లాడారు నాతో?”

అప్పటికి పెద్దాయన వచ్చాడు. కూలిన గోడని, తెరుచుకున్న దారిని చూశాడు. ఆయన మొహం మొదట పాలిపోయింది. తర్వాత అందులో ఒక ఆలోచన మెల్లగా వచ్చి కుదురుకుంది.

“చూశారా?” అన్నాడు జనంతో. “మనం రాళ్లన్నీ వెనక్కి పెట్టాం. కాళ్లావేళ్లా పడ్డాం. ఏం లాభం? పడేది పడనే పడింది. దేవుడికి మన రాళ్లతో పని లేదు. షరతులేవీ లేవని నేను మొదటే చెప్పానా లేదా? రేపు సైన్యం వస్తే ఎవరు ఉంటామో ఎవరు పోతామో. ఈలోగా ఎవరి చేను వాళ్లు కోసుకోవడం మేలు.” ఎవరి చేను అన్నాడో అందరికీ అర్థమైంది. తలలు ఊపారు. మంచితనం బరువు దిగిపోయినట్టు కొందరికి ఊపిరి కూడా ఆడింది.

పక్కింటి ముసలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

నీలక్కకి అప్పుడు తెలిసింది తను పడగొట్టింది ఏమిటో. తమ్ముడి చెవి దగ్గరికి వంగి, “కూల్చింది దేవుడు కాదురా. నేను. బండ పీకి నీళ్లు పెట్టాను. నువ్వు విన్నది నిజమే” అంది. తమ్ముడు ఆమెని చూశాడు. ఆమె భుజాల మీది అతని చేతులు మెల్లగా జారిపోయాయి. పైకి చెప్పాలంటే నీలక్కే చెప్పాలి. గోడకి ద్రోహం చేసినవాళ్లకి ఆ నగరంలో గడువూ లేదు, పూచీ లేదు. అయినా లేచింది.

“ఆగండి! గోడ దానంతట అది కూలలేదు. దేవుడు కూల్చలేదు. నేను కూల్చాను. మా కాలవ బండ తీసి పునాదికి నీళ్లు పెట్టాను. మీరు రాళ్లు పెట్టినందుకు గోడ నిలిచేదే. వాటిని కదపకండి!”

పెద్దాయన కళ్లు ఆమె నీలం చేతుల మీద నిలిచాయి. అప్పుడు వెనక నుంచి భర్త నవ్వు వినిపించింది.

“అయ్యా, మా ఆవిడ ఉన్ని మూట ఎత్తడానికే నలుగుర్ని పిలుస్తుంది. తాతల నాటి గోడ ఎత్తి పడేసిందట, వినండి!” ముందుకు వచ్చి ఆమె నడుం చుట్టూ చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఆమెని విరిచేసేంత గట్టిగా పట్టుకుంది. “తమ్ముడి బెంగతో తిండి లేదు, నిద్ర లేదు. మతి చెడింది పాపం. పదవే, ఇంటికి పద.”

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత చాలామంది నవ్వారు. భయపడి భయపడి ఉన్నారేమో, నవ్వడానికి ఒక సాకు దొరికితే చాలనిపించింది వాళ్లకి.

“బండ చూడండి! తవ్వి చూడండి!” అని అరిచింది. ఆ బండ మీద ఇప్పుడు గోడంత మట్టి ఉంది.

పెద్దాయన దగ్గరికి వచ్చి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. నమ్మితే ఆయన పొలాలు పోతాయి, నమ్మకపోతే మిగులుతాయి. “తమ్ముడి దేవుడికి మాట రాకూడదని నింద తన నెత్తిన వేసుకుంటోంది. అక్క అంటే ఇలా ఉండాలి” అన్నాడు, గొంతు నిండా జాలితో. ఆమె మీద రాయి పడి ఉంటే ఇంత నొప్పి పుట్టేది కాదు.

జనం కదిలారు. హద్దు రాళ్లు మళ్లీ జరపడానికి ఇళ్లకి పోయి గునపాలు, తాళ్లు తెచ్చుకున్నారు. పెద్దాయన పనివాళ్లు గాడిదలతో ముందు నడిచారు. కూలిన గోడ మీదుగా తొక్కుకుంటూనే పొలాల వైపు పోతున్నారు, అదే దగ్గర దారి కాబట్టి. దూరంగా కొండల దగ్గర దుమ్ము లేచింది. వానకి ముందు వచ్చే గాలి అన్నారెవరో. కాదని ఎవరూ అనలేదు.

“ఏమే, నీ ప్రాణం కాపాడానే” అన్నాడు భర్త ఏడుస్తూ. “నన్ను తిట్టు, కొట్టు, కానీ ఇంక నోరెత్తకు.”

ఆమె అతని చెయ్యి విడిపించుకుంది. కోపంతో కాదు. తమ్ముడు వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. ఆ రోజు ద్వారం దగ్గర వీడు ఒక్కడే ఎలా నిలబడ్డాడో, ఆ చేతులు ఎందుకు అలా వణికాయో ఆమెకి ఇప్పుడు తెలిసింది. తన చేతులూ అలాగే వణుకుతున్నాయి.

“వినరక్కా” అన్నాడు.

“తెలుసు.”

“అయినా ఇంకోసారి చెప్పు.”

మొదటి చినుకులు పడ్డాయి. గునపం భుజాన వేసుకుని పోతున్న ఒకడికి అడ్డం వెళ్లి, నీలక్క మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. అతను పక్కకి తప్పుకుని వెళ్లిపోయాడు.